పాత ఇంటి ప్రశ్నలు: ఉమ్మడి గోడకు జవాబు చెప్పేది ఎవరు?

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా రాష్ట్రం సరిహద్దు అవతల, ఒడిశా నుంచి వచ్చాయి. అవతల అన్నది పత్రిక లెక్క. నాకు మాత్రం అది ఇవతలే. నేను పుట్టింది పర్లాకిమిడిలో. ముప్పై ఒక్క ఏళ్లు పాలిటెక్నిక్ పిల్లలకు కట్టడాల పాఠం చెప్పి, తిరిగి వచ్చి ఉంటున్నదీ ఆ ఊళ్లోనే, మా తాతగారు కట్టించిన ఇంట్లోనే. ఉత్తరాలను కొంత కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మాస్టారూ, పర్లాకిమిడిలో మా తాతగారి ఇల్లు ఉంది. వెడల్పు పదహారు అడుగులు, వీధి గుమ్మం నుంచి దొడ్డి గోడ వరకు నూట ముప్పై అడుగుల పొడవు. ఇప్పుడు ఏడుగురం వాటాదారులం, ఎవరమూ అక్కడ ఉండడం లేదు. మా పెదనాన్నగారి అబ్బాయి తన వాటా ఒక బిల్డరుకు అమ్మేస్తానంటున్నాడు. ఇల్లు తీసేసి చదును చేస్తే జాగాకు మంచి ధర వస్తుందని ఇంకో ఇద్దరి మాట. పక్కింటి బాబాయిగారు 'మీ ఇల్లు తీస్తే నా గోడ నిలవదు' అని ఫోను చేసి మరీ చెబుతున్నారు. ఆయన మాట నిజమేనా, అడ్డుపడడానికి అంటున్నారా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, బాబాయిగారి మాట అక్షరాలా నిజం. ఆయన ఇంకా తక్కువే చెప్పారు.

మీ ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య రెండు గోడలు ఉన్నాయని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఉన్నది ఒక్కటే. మీ దూలాల కొనలు ఇటు నుంచి, వాళ్ల దూలాల కొనలు అటు నుంచి ఆ గోడలోనే కూర్చున్నాయి. ఆ గోడ ఎన్నడూ వాన చూడదని కట్టినవాళ్లకు తెలుసు. అందుకే లోపల ఇటుకకూ ఇటుకకూ మధ్య చాలా చోట్ల బంకమట్టే ఉంటుంది. సున్నం పైపూతకు మాత్రమే వాడారు. వానకు ఎదురు నిలిచేది వీధి గోడ, దొడ్డి గోడ. మధ్య గోడల పని బరువు మోయడం, పక్కవాడిని ఆనుకుని నిలబడడం. ఇలాంటి వీధిలో ఇళ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డాయి.

ఇప్పుడు మీ ఇల్లు తీశారనుకోండి. మీ దూలాలు లాగేసిన చోట వరుసగా బొక్కలు మిగులుతాయి. మీ అడ్డగోడలు ఇన్నాళ్లూ ఆ పొడవాటి గోడను పక్కకు ఒరగకుండా పట్టి ఉంచాయి, ఆ పట్టు పోతుంది. ఎన్నడూ తడవని మట్టి గోడ మీద ఆషాఢం వాన నేరుగా పడుతుంది. మా వీధిలో 2009లో ఒక ఇల్లు ఇలాగే తీశారు. మొదటి వానాకాలం ఏమీ కాలేదు, అందరం ఊపిరి పీల్చుకున్నాం. రెండో వానాకాలంలో పక్కింటి నడిమి గదిలో గోడ ఖాళీ జాగా వైపు ఉబ్బింది. ఆ ఇంట్లో ఒక్కరే ఉండే పెద్దావిడ మంచం వంటింట్లోకి మార్చుకున్నారు. మూడో ఏడు ఆవిడ కూడా అమ్ముకుని కొడుకు దగ్గరకు వెళ్లిపోయారు. ఆ తరువాతి ఇల్లు తిత్లీ తుపానుకు, 2018 అక్టోబరులో, పైకప్పుతో సహా కూలింది. దాన్ని ఆనుకోవడానికి పక్కన ఏమీ లేదు. ఒక ఇల్లు తీసిన జాగా ఇప్పుడు మూడు ఇళ్ల జాగా అయింది. పిచ్చి ఆముదం మొలిచి ఉంది. అపార్టుమెంటు రాలేదు, ఎందుకంటే పదహారేసి అడుగుల పట్టీలు మూడు కలిపినా చుట్టూ ఖాళీ వదిలి కట్టడానికి ఎవరికీ లెక్క కుదరలేదు. మీ బిల్డరు కూడా మీ ఒక్క ఇల్లు చూసి రావడం లేదు. మీ తరువాత బాబాయిగారి దగ్గరకు వెళతాడు. అప్పటికి ఆయన గోడ ఉబ్బి ఉంటుంది, బేరం సులువవుతుంది.

వాటా సంగతి. 1893 నాటి విభజన చట్టంలో నాలుగో సెక్షను అని ఒకటి ఉంది. ఉమ్మడి కుటుంబం నివాసపు ఇంట్లో ఒకరి వాటాను బయటివాడు కొని, పంచి ఇమ్మని కోర్టుకు వెళితే, ఆ వాటాను న్యాయమైన ధరకు తామే కొనుక్కుంటామని అడిగే హక్కు కుటుంబంలోని వాటాదారుకు ఉంటుంది. మీ ఏడుగురిలో ఇల్లు నిలవాలనుకునేవాళ్లు ఇద్దరున్నా ఈ దారి పనికివస్తుంది. మంచి వకీలును కలవండి. దానికంటే ముందు మీ అన్నయ్యతో ఒకసారి కూర్చోండి. అతనికి డబ్బు అవసరమేమో, ఇంటి మీద కోపం ఉండకపోవచ్చు. ఆ రెండూ వేరు.

నన్నడిగితే మధ్యేమార్గం ఉంది. నూట ముప్పై అడుగుల ఇంట్లో అసలైన కట్టడం ముందు సగంలోనే ఉంటుంది: అరుగు, చావడి, మండువా, దాని చుట్టూ గదులు. వెనక వంటిల్లు, పశువుల శాల, దొడ్డి. కొత్తగా కట్టాలనుకుంటే వెనక భాగంలో కట్టండి. ముందు భాగాన్ని బాగుచేసి ఎవరినైనా అద్దెకు ఉంచండి. మా ఊళ్లో ఉపాధ్యాయులూ నర్సులూ అద్దె ఇంటికి వెతుక్కుంటూనే ఉంటారు. అద్దె ఎంత వస్తుందన్నది రెండో సంగతి. మృగశిర కార్తెకు ముందు పైకప్పు ఎక్కి, రెండు వాలులు కలిసే మడతలో పేరుకున్న ఆకులు తీసే మనిషి ఇంట్లో ఉండాలి. ఆ మడత నిండి నీళ్లు వెనక్కి తన్నడమే నేను చూసిన ఇళ్లలో సగానికి పైగా ఇళ్లను కూల్చింది.

తీసెయ్యక తప్పదంటే, పని వానలకు ముందు పెట్టుకోకండి, సంక్రాంతి తరువాత మొదలుపెట్టండి. మీ అడ్డగోడలను మధ్య గోడ దగ్గర రెండేసి అడుగులు మిగల్చండి, అవి ఆ గోడకు ఊతకర్రల్లా ఉంటాయి. దూలం లాగిన బొక్కను అదే రోజు ఇటుకతో, సున్నంతో మూయించండి. బయటపడిన ముఖానికి సున్నపు గార వేయించి, గోడ తలకు పెంకులు కప్పించండి. ఇదంతా మీ ఖర్చుతో. బాబాయిగారి ఖర్చుతో కాదు.

ప్రశ్న: మా బరంపురం ఇంట్లో గోడలకు కింద నుంచి మూడడుగుల వరకు చెమ్మ. సున్నం పెచ్చులు రాలుతోంది. కాంట్రాక్టరు పాత గార అంతా కొట్టేసి సిమెంటు గార వేసి, దాని మీద నీరు పట్టని రంగు వేస్తే ఇరవై ఏళ్లు చూడనక్కరలేదని అంటున్నాడు. ఖర్చు ఎక్కువే, అయినా ఒక్కసారే కదా అని ఒప్పుకుందామనుకుంటున్నాం.
ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: అయ్యా, దయచేసి ఆపించండి. ఈ తప్పు నేను చదువుకుని మరీ చేశాను కనుక చెబుతున్నాను.

1994లో మా చెల్లెలి పెళ్లి. నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లయింది, చేతిలో నాలుగు డబ్బులున్నాయి. చావడి గోడలు మీరు చెప్పినట్టే కింద మూడడుగుల మేర పెచ్చులు లేచి ఉన్నాయి. మా ఇంటికి తరతరాలుగా సున్నం పని చేసిన మేస్త్రి అప్పటికి బాగా పెద్దవాడు. 'బాబూ, రాలనివ్వండి. గోడ లోపలి తడిని బయటికి కక్కుతోంది. రాలిన చోట మళ్లీ సున్నం పూద్దాం' అన్నాడు. అమ్మ కూడా అదే అంది. నేను ఇద్దరికీ పాఠం చెప్పాను. సిమెంటు బలం ఎంత, సున్నం బలం ఎంత అని అంకెలు చెప్పాను. నాలుగడుగుల ఎత్తు వరకు సిమెంటు గార వేయించాను. పెళ్లికి గోడలు అద్దంలా ఉన్నాయి.

మూడో వేసవికి చెమ్మ సిమెంటు పైన, నా ఛాతీ ఎత్తున కనబడింది. నడుము ఎత్తున ఉండేది ఛాతీ వరకు ఎక్కింది. ఒకరోజు క్యాలెండరు తగిలించడానికి మేకు కొట్టాను. మేకు రెండో దెబ్బకే లోపలికి జారిపోయింది. వేళ్లతో తట్టి చూస్తే డొల్ల శబ్దం. అంచు పట్టుకుని లాగితే జానెడు వెడల్పున సిమెంటు పలక ఊడి చేతికి వచ్చింది. దాని వెనక ఇటుక తడిసి ఉంది. ఇటుక మీద ఉప్పు తెల్లని నూగులా మొలిచింది. గోరుతో గీస్తే ఎర్రని పిండి రాలింది. అమ్మ ఏమీ అనలేదు. ఆ పిండిని చీపురుతో చేటలోకి ఎత్తి, నా ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ చేట నేను మరిచిపోలేను.

జరిగింది ఇది. పాత ఇళ్ల పునాదిలో తడిని ఆపే పొర ఉండదు. నేల నుంచి తడి వత్తి నూనె పీల్చినట్టు ఇటుకలోకి ఎక్కుతుంది, తనతో ఉప్పును తెస్తుంది. సున్నపు గార సందులున్న గార, ఆ తడి గాలికి ఆరిపోతుంది, ఉప్పు ఆ గారలోనే పేరుకుంటుంది. గార రాలుతుంది, గోడ మిగులుతుంది. గార ఉన్నది రాలిపోవడానికే. అది గోడకు బదులుగా పోతుంది. సిమెంటు గట్టిది, బిగువైనది. తడికి దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు ఇటుక లోపలే గడ్డ కట్టి ఇటుకను పిండి చేస్తుంది. దాని మీద నీరు పట్టని రంగు కూడా వేస్తే మూత మీద మూత పెట్టినట్టే.

ఇంకో మాట. మీ ఇంటి ముందు సిమెంటు రోడ్డు ఎన్నిసార్లు వేశారో గుర్తు చేసుకోండి. మా అరుగుకు నా చిన్నప్పుడు నాలుగు మెట్లు. ఇప్పుడు ఒకటిన్నర. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పరిచిన ప్రతిసారీ ఇల్లు కిందికి దిగింది. వీధిలో మట్టి ఉన్నప్పుడు నేల తడి అక్కడే ఆరేది. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయి తడంతా గోడ దారి పట్టింది. అందుకని ముందు గోడను ముట్టుకోకండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి, ఆ నీళ్లను గోడకు దూరంగా తీసే కాలువ వేయించండి. గోడ అడుగున అడుగున్నర వెడల్పు రాళ్లూ కంకరా పోసిన పట్టీ ఉంచి, అక్కడ సిమెంటు పోయనివ్వకండి. ఒక్క ఏడాదిలో చెమ్మ సగం దిగడం నేను చూశాను.

ఆ తరువాత సున్నం పని. సున్నాన్ని నీళ్లలో ఉడికించి కనీసం మూడు వారాలు ఊరనివ్వాలి. ఎంత ఊరితే అంత వెన్నలా వస్తుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. కింది తడి ఉన్న మేర ఇసుకలో కొంత బదులు బాగా కాలిన ఇటుక పొడి కలపండి, అది తడిలోనూ గట్టిపడుతుంది. మన పెద్దలు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. దొరికితే కలపండి, దొరకకపోతే పని ఆపకండి. అర అంగుళం మించకుండా పొర మీద పొర వేయాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది, దానికి రోజులు పడుతుంది. తడి గోనెసంచులు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. గోడ మీది ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి, నీళ్లతో కడగకండి. కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది.

గానుగ సున్నం తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే. గుడి మరమ్మతు చేసే చోట వెతకండి. అక్కడ ఇంకా ఒకరిద్దరు ఉంటారు. మీ కాంట్రాక్టరు దగ్గరి కుర్రవాడినొకణ్ణి ఆయన పక్కన నిలబెట్టండి. ఆ కుర్రవాడి కూలి మీరే ఇవ్వండి. గోడకు పెట్టే ఖర్చులో ఇదే అన్నిటికంటే మంచి ఖర్చు.

ప్రశ్న: మా వీధుల్లాంటి వాటిని ప్రభుత్వం రక్షిత కట్టడాలుగా ఎందుకు ప్రకటించదు? అలా ప్రకటిస్తే ఎవరూ కూల్చలేరు కదా?
ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: బాబూ, 1958 నాటి కేంద్ర చట్టం ఒక్కొక్క కట్టడాన్ని పేరు పెట్టి రక్షిస్తుంది. 2010 సవరణతో అలాంటి కట్టడం చుట్టూ నూరు మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆ తరువాత రెండు వందల మీటర్లలో అనుమతి తీసుకోవాలి. గంజాం జిల్లా జౌగడలోని అశోకుడి శాసనానికి అది సరిపోతుంది. మనుషులు కాపురముండే వీధికి ఆ చొక్కా పట్టదు. మరుగుదొడ్డి కట్టుకోవడానికి కూడా అర్జీ పెట్టుకోవలసి వస్తే మన ఇళ్లవాళ్లే ముందు ఇల్లు ఖాళీ చేస్తారు. ఒడిశాకు 1956 నాటి సొంత చట్టం ఉంది, అదీ కట్టడాల గురించే. 1984లో మొదలైన ఇంటాక్ సంస్థ పాత కట్టడాల జాబితాలు రాస్తుంది, అది మంచి పని, కానీ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఎవరి చెయ్యీ ఆగదు. వీధులకు పనికివచ్చేది పురపాలక నిబంధన. ముంబయి 1995లో అలాంటిది తెచ్చింది. కట్టడాలనే కాదు, ప్రాంతాలను కూడా లెక్కలోకి తీసుకుంది. మీ ఊరి పురపాలక సంఘానికి మీరు అడగవలసింది అది. అడిగేటప్పుడు చేతిలో కాగితం ఉండాలి. మీ వీధిలో ఎన్ని ఇళ్లు, ఎన్నింటికి అరుగులున్నాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, వెడల్పెంత, ఎత్తెంత. నలుగురు స్నేహితులు టేపు పట్టుకుంటే రెండు ఆదివారాల పని. గీసి నాకు పంపండి, నేను చూసి దిద్దుతాను.

ప్రశ్న: మాది బరంపురంలో పట్టు నేసే ఇల్లు. ఇప్పుడు మగ్గం ఒక్కటే ఉంది. మా అబ్బాయిలు అరుగు కొట్టేసి రెండు షట్టర్లు పెట్టి దుకాణాలు అద్దెకు ఇద్దామంటున్నారు. వీధిలో సగం మంది అలాగే చేశారు. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం ఉంది గానీ మాట లేదు. మీరు చెప్పండి.
ఒక నేతకారుడు, బరంపురం

జవాబు: అయ్యా, మీ కారణం నాకు అర్థమైంది. ఆ మాట వెతకడానికి ప్రయత్నిస్తాను.

మా మేనమామగారి ఊరు బరంపురం. చిన్నప్పుడు వేసవికి వెళితే తెల్లవారుజామున వీధిలోకి పోనిచ్చేవారు కాదు. ఈ చివరి నుంచి ఆ చివరికి పడుగు సాగదీసి ఉండేది. దారాల మధ్య తెగిన పోగులు అతుకుతూ ఆడవాళ్లు, గంజి కుంచె పట్టుకుని మగవాళ్లు, అరుగుల మీద రాట్నాల దగ్గర ముసలివాళ్లు. పిల్లలం అరుగుల మీదుగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కిందికి దిగకుండా వీధి చివరికి వెళ్లిపోయేవాళ్లం. ఆ వీధి మొత్తం ఒకే మగ్గం. ఇంటి లోపల ఉన్నది దానిలో ఒక భాగం మాత్రమే. ఒడియావారు సాహి అన్నా, మనం వీధి అన్నా, మాట వేరు గానీ పని అదే. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీర అంచు మీద గుడి గోపురాల్లా లేచే కుంభానికి ఆ గుర్తింపు వచ్చిందని అందరికీ తెలుసు. ఆ కుంభం నేయడానికి చోటిచ్చిన వీధికి ఏ గుర్తింపూ రాలేదు.

రెండేళ్లకోసారి మీ ఊరి అమ్మవారు బుడ్డి ఠాకురాణి పుట్టింటికి వస్తుంది కదా. ఆ నెల రోజులూ అమ్మవారు మీ వాళ్ల ఆడపడుచు. రాత్రి వేళ ఘటాలు వీధులు తిరిగేటప్పుడు జనం ఎక్కడ నిలబడి దండం పెడతారు? అరుగు మీద. ముసలివాళ్లు ఎక్కడ కూర్చుని ఎదురు చూస్తారు? అరుగు మీద. షట్టరు రాత్రి తొమ్మిదికి దిగిపోతుంది. ఇనుప రేకు ముందు ఎవరూ కూర్చోరు. ఇది అబ్బాయిలకు చెప్పండి. వాళ్లు ఆ ఉత్సవంలో ఘటం వెంట నడిచినవాళ్లే అయి ఉంటారు, వింటారు.

అయితే అద్దె డబ్బు కూడా అబద్ధం కాదు. మగ్గం ఒక్కటే మిగిలిన ఇంట్లో కుర్రవాళ్లు దుకాణం గురించి ఆలోచించడం తప్పని నేను అనను. చావడిలోనే దుకాణం పెట్టుకోండి. గుమ్మం వెడల్పు చేయకండి, పక్కనున్న కిటికీని నేల వరకు దింపి తలుపు చేయండి. పైన ఉన్న దర్వాజా చెక్క, దాని మీది బరువు ఉన్నచోటే ఉంటాయి, ఇంటికి దెబ్బ తగలదు. అరుగు కొనుగోలుదారు కూర్చునే చోటు అవుతుంది. బట్టల దుకాణానికి అరుగును మించిన చోటు ఉందా? స్తంభాలు మాత్రం తీయకండి. ఆ స్తంభాలు రంగూన్ టేకువి కావచ్చు. ఆ రోజుల్లో బరంపురం దగ్గరి గోపాలపురం రేవు నుంచి రంగూన్‌కు ఓడలు తిరిగేవి, ఎందరో మన జిల్లాల నుంచి కూలికి వెళ్లి వచ్చారు. అలాంటి కర్ర ఇప్పుడు డబ్బు పెట్టినా రాదు. కిరసనాయిలు, రంగులు పూయకండి. అవిసె గింజల నూనె పలచగా రాసి గుడ్డతో తుడిస్తే చాలు.

మీ ఆఖరి మగ్గాన్ని దుకాణంలో వీధిలోకి కనబడేలా పెట్టండి. కొనేవాళ్ల కోసం కాదు. మీ మనవలు రోజూ బడికి వెళుతూ చూస్తారు.

ప్రశ్న: మా ఇంటి గుమ్మం పైన గారలో ఏవో తెలుగు అక్షరాలున్నాయి. సున్నం పొరల కింద సరిగా కనబడడం లేదు. మా పిల్లలు ఒడియా, ఇంగ్లిషు చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. రంగులవాళ్లు రుద్ది నునుపు చేస్తామంటున్నారు. ఇల్లు ఎంత పాతదో తెలుసుకునే మార్గం ఉందా?
ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు రంగులవాళ్లను పంపించేయండి. సున్నం పొరలు అక్షరాలకు దుప్పటి లాంటివి, వాటిని ఇన్నాళ్లూ కాపాడింది అవే. ఇనుప బ్రష్షు ఒక్కసారి తగిలితే ఆ అక్షరాలు మళ్లీ రావు. ఎనామిల్ రంగు వేసినా అంతే, దాన్ని తీస్తే గార కూడా వస్తుంది.

మీ ఊరే కనుక మొన్న ఆదివారం మీ అబ్బాయి ఫోను చేస్తే వచ్చి చూశాను. మీరు ఇంట్లో లేరు. అబ్బాయికి చేయించిన పని ఇక్కడ రాస్తున్నాను, చదివేవాళ్లకు పనికివస్తుంది. రాత్రి వీధి దీపం పడకుండా దుప్పటి అడ్డం పట్టి, టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు వేయాలి. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు. పక్క నుంచి వేస్తే పొరల కింది అక్షరాల అంచులు నీడలు పడతాయి. మీ అబ్బాయి టార్చి పట్టుకున్నాడు, నేను నిచ్చెన మీద. ముందు 'శ్రీ' కనబడింది. తరువాత 'సౌమ్య సం॥ మాఘ శు ౫'. ఆ చివరిది అంకె అని అబ్బాయికి తెలియదు. తెలుగు అయిదు అని చెబితే వేలితో గాలిలో రెండుసార్లు రాసి చూసుకున్నాడు.

సౌమ్య అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1849, 1909, 1969 ఉగాదుల నుంచి. మాఘం ఏడాది చివర్లో వస్తుంది కనుక ఇంగ్లిషు లెక్కకు 1850, 1910 లేదా 1970. చివరిది కాదు, మీ మామగారు ఈ ఇంట్లోనే పుట్టారని అబ్బాయి చెప్పాడు. మిగిలిన రెండింటిలో ఏది? పైకప్పు ఎక్కి ఒక పెంకు తిరగేశాం. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అది మంగుళూరుది. అక్కడ బాసెల్ మిషన్ వాళ్లు మొదటి కార్ఖానా పెట్టింది 1865లో. అలాంటి పెంకు 1850లో ఉండదు. తరువాత ఎవరైనా గూన పెంకు తీసి ఇది వేసి ఉండవచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. వాసాల మీద చెయ్యి పెట్టి తడిమాను. ఈ పెంకుకు రీపర్ల, అంటే పెంకు ఆనే సన్న బద్దల, మధ్య ఇంత ఎడం అని లెక్క ఉంటుంది. ఆ లెక్క మేకులు తప్ప వేరే మేకు బొక్కలు గానీ, వెదురు కట్టిన తాడు ఒరిపిడి గానీ లేవు. ఆ కప్పు ఇంటితో పుట్టినదే. నౌపడా నుంచి మన ఊరికి రెండున్నర అడుగుల పట్టాల రైలు 1900లో వచ్చింది. అంత బరువు పెంకు అంత దూరం నుంచి ఆ తరువాత తెప్పించుకోవడం తేలిక అయింది, మా తాతగారు అదే చెప్పేవారు. మీ ఇంటి గృహప్రవేశం 1910 ఫిబ్రవరిలో జరిగిందని నేను నమ్ముతున్నాను.

అప్పటికి ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ వీధుల్లోనే నడిచేవారు, సవరల భాష నేర్చుకుని రాసేవారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఊరు అందులో చేరినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మీ మామగారి వాళ్లు వెళ్లలేదు, మా తాతగారూ వెళ్లలేదు. మీ ఇంట్లో ఆ కాలం దస్తావేజులు తెలుగులో ఉంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, చెమ్మ పడుతుంది. నూలు గుడ్డలో చుట్టి, ఎండు వేపాకు వేసి ఎత్తుగా పెట్టండి, ఫొటోలు తీసి ఉంచండి.

ఇప్పుడు అక్షరాల సంగతి. పలచని వెదురు చెక్కతో, చివర మొద్దుగా చేసి, సున్నం పొరలను ఒక్కొక్కటే ఎత్తాలి. రోజుకు ఒక అక్షరం చాలు. ఉలి వద్దు, కత్తి వద్దు. అక్షరాలు బయటపడ్డాక పలచని సున్నపు నీళ్లు ఒక్క పూత పూస్తే చాలు. మీ అబ్బాయి తాను చేస్తానన్నాడు. 'శ్రీ' తో మొదలుపెట్టమన్నాను. మొన్న సాయంత్రం అటుగా వెళుతూ చూశాను, నిచ్చెన మీద ఉన్నాడు, కింద వాళ్ల చెల్లెలు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. 'తాతగారూ, ఇది సున్నానా, అనుస్వారమా?' అని పైనుంచి అడిగాడు. 'సం' లోని నిండు సున్నా అది.